మెలిదిరిగిన కాంతియు, పలుచని పలకయు

చెన్నపురి సముద్రతీరమున సాయంకాలము పిల్లలతో కూర్చున్నవారికి, చీకటి పడినంతనే మెరీనా దీపస్తంభపు వెలుగు కానవచ్చును. ఈ నగరపు ఓడల దీపము 1894 మొదలు హైకోర్టు భవన శిఖరమున వెలిగి, 1977లో ఇప్పటి స్తంభమునకు మారినది. “అంత దూరము ఆ వెలుగు చెదరిపోక యెట్లు పోవుచున్నది?” అని బిడ్డ అడిగినచో, “దీపమునకు ముందు కటకముండును, అనగా లెన్సు” అని చెప్పి మనము ఊరకుందుము. ఆ సమాధానము తప్పు గాదు. కాని కథ అక్కడ ముగియదు. కటకమునకు బదులుగా, వెండ్రుకకంటె ఎన్నో రెట్లు పలుచనైన పొరతో కాంతిని వంచుటయే గాక మెలిపెట్టుట కూడ నేడు సాధ్యమైనది. ఆ విద్యకు పునాదులైన రెండు రచనలు మన దేశముననే వెలువడినవి. వానిలో ఒకదానియందు ఒక తెలుగువాని చేయి గలదు. ఆ సంగతిని మన బిడ్డలకు మన భాషలో చెప్పుటకు వీలుగా ఈ పాఠము వ్రాయబడినది.

కటకము చేయు పని

కాంతి ఒక తరంగము. గాజులో అది గాలిలోకంటె మెల్లగా నడచును. కటకము నడుమ మందముగను, అంచున పలుచగను ఉండుటచేత, నడుమ పోవు కాంతి ఎక్కువ ఆలస్యమగును. అంచున పోవునది తక్కువ ఆలస్యమగును. ఇట్లు ఆలస్యములు వేరు వేరగుటవలన తరంగము వంగి ఒకచోట కూడుకొనును. కావున కటకము చేయు పనిని ఒక్క మాటలో చెప్పవలెనన్న, “ఎచ్చట ఎంత ఆలస్యము” అని నిర్ణయించుటయే.

తరంగము తన ఎత్తుపల్లముల ఆటలో ఏ ఘట్టమున ఉన్నదో దానిని “దశ” యందురు. ఒక పూర్తి తరంగము ఆలస్యమైనచో దశ మరల మొదటికి వచ్చును. ఒక తరంగమైనను, పది తరంగములైనను ఆలస్యపు ఫలము ఒక్కటే. అట్లయినచో అంత మందమైన గాజు ఎందులకు? 19వ శతాబ్దపు ఆదిని ఫ్రాన్సు దేశపు ఫ్రెనెల్ దీపస్తంభముల కొరకు కటకమును వలయములు వలయములుగా కోసి, మధ్యనున్న అనవసరపు గాజును తీసివేసెను. ఫ్రాన్సులోని కార్డువాన్ దీపస్తంభమున 1823లో అట్టి కటకము వెలిగినది. గాజు తగ్గినది గాని, వంపులు మిగిలినవి. వంపులు కూడ లేకుండ, చదునైన పలకతోనే ఆ పని చేయించుట తరువాతి కాలపు వారి వంతైనది.

చుట్టు మెట్ల వంటి కాంతి

మామూలు కాంతిపుంజమున తరంగము యొక్క ముఖము చదునైన పళ్లెము వలె ముందుకు సాగును. దానిని ఒక వింత రీతిని మార్చవచ్చును. పుంజపు నడిబొడ్డు చుట్టును ఒక ప్రదక్షిణము చేసినచో దశ మెల్లమెల్లగా పెరుగుచు, చుట్టు పూర్తియగుసరికి సరిగా ఒక తరంగమంత ముందుకు పోవునట్లు అమర్తుము. అప్పుడా తరంగముఖము పళ్లెము వలె గాక, స్తంభము చుట్టును ఎక్కిపోవు మెట్ల వలె నుండును. దీనినే మెలిదిరిగిన కాంతి యందురు. ఒక చుట్టునకు ఒక తరంగము పెరిగినచో ఒక మెలిక. రెండు పెరిగినచో రెండు మెలికలు. కుడిచుట్టు మెట్లును, ఎడమచుట్టు మెట్లును ఉండునట్లే మెలికలందును రెండు దిశలు గలవు.

ఇట్టి పుంజము గోడమీద పడినప్పుడు నిండు చుక్క కనబడదు. గారె వలె నడుమ చిల్లుగల వలయము కనబడును. కారణము తేలికగా బోధపడును. చుట్టు మెట్లకు నడిబొడ్డున మెట్టు లేదు. అచ్చట అన్ని దశలును ఒక్కచోట కలిసికొనుటచేత, ఎత్తును పల్లమును ఒకదానినొకటి రద్దుచేసికొని చీకటి మిగులును. కాంతి నడుమ చీకటి నిలుచుట చూపరులకు వింతయే గాని, లెక్కకు వింత గాదు.

కాంతికి గల రెండు తిరుగుళ్లు

భూమికి రెండు చలనములున్నవని మన పిల్లలు భూగోళ పాఠములో చదువుదురు. తన చుట్టు తాను తిరుగుట ఆత్మభ్రమణము. సూర్యుని చుట్టు తిరుగుట పరిభ్రమణము. కాంతికి కూడ ఇట్టివి రెండు గలవు.

మొదటిది కాంతి యొక్క ఆత్మభ్రమణము. తాడు నొక కొనను కట్టి, రెండవ కొనను పైకి క్రిందికి ఊపినచో అల ఒకే తలమున పోవును. చేతిని గుండ్రముగా త్రిప్పినచో అల సుడులు తిరుగుచు పోవును. కాంతియందును ఈ రెండు విధములు గలవు; కంపనము జరుగు ఈ తీరును ధ్రువణము అందురు. సుడి తిరుగు కాంతి తాను తాకిన వస్తువును త్రిప్పగలదు.

ఇచ్చటనే మన తెలుగువారి ప్రస్తావన వచ్చును. సూరి భగవంతం 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించిరి. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిరి. ఆ కళాశాల ఆ దినములలో మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై యుండెను. తరువాత కలకత్తా వెళ్లి సి.వి. రామన్‌ గారి వద్ద పరిశోధనలో చేరిరి. అణువులచే చెదరగొట్టబడిన కాంతి యొక్క ధ్రువణమును పరిశీలించి, కాంతికణమునకు, అనగా ఫోటానునకు, ఆత్మభ్రమణము గలదని గురుశిష్యులిద్దరును 1931లో ప్రయోగపూర్వకముగా ప్రకటించిరి. 1936లో అమెరికా దేశమున బెత్ అనునతడు సన్నని స్ఫటికపు దారమున ఒక పలకను వ్రేలాడదీసి, దానిపై సుడి కాంతిని ప్రసరింపజేసి, ఆ పలక మెలిపడుటను కొలిచెను. భగవంతం గారు తరువాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యులుగను, బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు అధిపతిగను పనిచేసి, 1989లో దివంగతులైరి.

రెండవది పరిభ్రమణము. ఇది మనము పైన చెప్పుకొన్న మెలికవలన కలుగునది. ధ్రువణముతో దీనికి సంబంధము లేదు. తరంగముఖపు ఆకారమువలననే ఇది కలుగును. హాలెండు దేశపు లైడెన్ నగరమున ఆలెన్, వుర్డ్‌మన్ మొదలగువారు మెలిదిరిగిన పుంజమందలి ప్రతి ఫోటాను తన మెలికల సంఖ్యకు తగినంత భ్రమణమును మోయునని 1992లో నిరూపించిరి. మూడేండ్ల తరువాత ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ శాస్త్రజ్ఞులు అట్టి పుంజమున చిక్కిన సూక్ష్మరేణువులు గిరగిర తిరుగుటను సూక్ష్మదర్శినిలో చూచిరి.

ఆత్మభ్రమణమును పరిభ్రమణముగా మార్చు సాధనమేదైన గలదా? పలుచని పలక చేయు పని అదియే. అయితే ఆ పలకను అర్థము చేసికొనుటకు ముందు ఇంకొక యువకుని పని తెలిసికొనవలెను.

పంచరత్నం కనుగొన్నది

రామన్‌ గారు తమ బాల్యమున విశాఖపట్టణమున చదివి, 1903లో చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలకు వచ్చినవారు. ఆ కళాశాల విద్యార్థిగా నుండగనే, 1906లో, కాంతి సందుల గుండ పోవునప్పుడు ఏర్పడు పట్టీలను గూర్చిన వారి మొదటి వ్యాసము లండను పత్రికలో అచ్చైనది. పిమ్మట వారు 1948లో బెంగుళూరున స్థాపించిన పరిశోధన సంస్థలో వారి మేనల్లుడు ఎస్. పంచరత్నం స్ఫటికములలో కాంతి నడకను పరిశీలించుచుండెను. 1934లో పుట్టిన ఆ యువకుడు 1956లో, అనగా ఇరువది రెండేండ్ల ప్రాయమున, భారతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను.

అతడు వేసికొన్న ప్రశ్న చూచుటకు చిన్నది. రెండు కాంతిపుంజముల ధ్రువణములు వేరు వేరుగా నున్నప్పుడు, అవి ఒకే దశలో ఉన్నవని ఎట్లు చెప్పవలెను? ఆ రెంటిని కలిపినప్పుడు వెలుగు మిక్కిలి అధికమైనచో అవి సమదశలో ఉన్నట్లని అతడు నిర్ణయించెను. ఆ నిర్ణయమునుండి ఒక విచిత్రఫలము లభించినది. కాంతిని ఒక ధ్రువణమునుండి రెండవదానికి, అచ్చటనుండి మూడవదానికి, మరల మొదటిదానికి త్రిప్పి తెచ్చినచో, ధ్రువణము యథాస్థితికి వచ్చినను దశ మాత్రము యథాస్థితికి రాదు. దారి చుట్టివచ్చిన గుర్తు దశలో మిగిలిపోవును.

బడిలోని గ్లోబుతో దీనిని చూపవచ్చును. ఒక చిన్న బాణపు గుర్తును ఉత్తరధ్రువమున చెన్నపురి వైపు చూచునట్లు ఉంచుడు. దానిని ఏమాత్రము పక్కకు త్రిప్పక చెన్నపురి రేఖాంశము వెంట భూమధ్యరేఖ వరకు దింపుడు. అట్లే దక్షిణమునకు చూచుచుండగనే, భూమధ్యరేఖ వెంట తూర్పునకు పావు చుట్టు నడిపి, మరల ఉత్తరధ్రువమునకు చేర్చుడు. బాణమును ఎచ్చటను త్రిప్పలేదు. కాని బయలుదేరినప్పటి దిశకు ఇప్పుడది లంబముగా నున్నది! గోళముపై చుట్టివచ్చిన వైశాల్యమే ఆ తిరుగుడుకు కారణము. కాంతి ధ్రువణములన్నిటిని గూడ ఒక గోళముపై గుర్తింపవచ్చును. కుడిసుడి ఒక ధ్రువమున, ఎడమసుడి రెండవ ధ్రువమున, తిన్నని కంపనములు భూమధ్యరేఖపై ఉండును. ఆ గోళముపై చుట్టిన దారిలో ఇమిడిన వైశాల్యమును బట్టి దశ మారునని పంచరత్నం చూపెను.

ఈ వ్యాసమును సుమారు ముప్పదియేండ్లు లోకము అంతగా పట్టించుకొనలేదు. 1984లో ఇంగ్లండు దేశపు మైకేల్ బెరీ క్వాంటం శాస్త్రమున ఇట్టి దశనే సాధారణ నియమముగా ప్రకటించి ఖ్యాతి గాంచెను. 1986లో రామశేషన్, నిత్యానంద అను మన దేశపు శాస్త్రజ్ఞులిద్దరు పంచరత్నం వ్యాసమును వెలికి తీసి, ఇది దానికి పూర్వరూపమని వ్రాసిరి. రామశేషన్ పంచరత్నమునకు సోదరుడే. మరుసటి యేట బెరీ స్వయముగా ఆ వ్యాసపు ఘనతను వివరించి వ్రాసెను. నేడు ఆ దశను ఇద్దరి పేరను పిలుచుచున్నారు. కాని పంచరత్నం అప్పటికి లేడు. 1969లో, ముప్పదియైదేండ్ల వయస్సున, ఆక్స్‌ఫర్డులో మరణించెను.

పలక ఎట్లు పనిచేయును?

పలకమీద దట్టముగా నాటిన అతిసూక్ష్మ స్తంభములుండును. హార్వర్డు విశ్వవిద్యాలయమువారు 2016లో చేసిన చదును కటకములో టైటానియం డయాక్సైడ్ స్తంభముల ఎత్తు 600 నానోమీటర్లు. మన తల వెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లనిన, ఆ సూక్ష్మత ఊహింపవచ్చును. స్తంభముల మధ్య ఎడము కాంతి తరంగపు నిడివికంటె తక్కువ. అందుచే కాంతి వానిని విడివిడిగా గుర్తింపజాలదు. అన్నియు కలిసి ఒకే పొర వలె దానిపై పనిచేయును.

ప్రతి స్తంభము అడ్డకొలత గుండ్రముగా గాక, ఇటుక వలె నిడుపుగా నుండును. నిడుపు వెంట కంపించు కాంతికిని, వెడల్పు వెంట కంపించు కాంతికిని ఆలస్యములు వేరు. ఆ భేదము సరిగా సగము తరంగమగునట్లు కొలతలు నిర్ణయించినచో, స్తంభము ఒక అద్దము వలె పనిచేయును. సుడి తిరుగు కంపనమును గడియారపు ముల్లుగా భావింపుడు. గోడగడియారము ప్రక్కన అద్దము నిలిపినచో ప్రతిబింబములో ముల్లు ఎడమకు తిరుగును. కుడిసుడి ఎడమసుడియైనది. ఇక ఆ అద్దమును పది డిగ్రీలు వాల్చినచో, ప్రతిబింబములోని ముల్లు ఇరువది డిగ్రీలు జరిగి కనబడును. నిలకడగా తిరుగుచున్న ముల్లు ఇరువది డిగ్రీలు జరిగినదనిన, అది కాలమున ముందుకో వెనుకకో పోయినదనుట గాదా? మనము గడియారమును ముట్టుకొనలేదు. అద్దమును వాల్చితిమి, అంతే. అట్లే స్తంభమును కొంత కోణము త్రిప్పినచో కాంతి దశ దానికి రెండింతలు మారును. మందము పెరుగనక్కరలేదు, తిరిగి నిలిచిన చాలును. ఒక ధ్రువమునుండి రెండవ ధ్రువమునకు ఏ రేఖాంశము వెంట పోయితిమో ఆ భేదమే దశగా వచ్చుచున్నది. ఇదియే పంచరత్నం దశ.

ఇక మెలిక వేయుట సులభము. పలక నడిబొడ్డు చుట్టును స్తంభములను వరుసగా నిలిపి, ఒక్కొక్కదానిని కొంచెము కొంచెముగా త్రిప్పుచు పోవలెను. చుట్టు పూర్తియగుసరికి స్తంభము సగము చుట్టు తిరిగినచో, దశ పూర్తి చుట్టు తిరిగి ఒక మెలిక ఏర్పడును. సగము చుట్టు తిరిగిన ఇటుక మొదటి ఇటుకవలెనే కనబడును గనుక వలయములో అతుకు కనబడదు. స్తంభము పూర్తి చుట్టు తిరిగినచో రెండు మెలికలు పడును. ఆ అమరికలో, సుడి తలక్రిందులగుటవలన కాంతి కోల్పోయిన ఆత్మభ్రమణమంతయు పరిభ్రమణముగా మారును. రామన్, భగవంతం గారలు చూపిన తిరుగుడును, లైడెన్ వారు చూపిన తిరుగుడును ఈ పలకలో ఒకదానికొకటి చేయి అందించుకొనుచున్నవి.

ఈ మార్గమున 2002లో ఇజ్రాయెల్ దేశపు టెక్నియన్ సంస్థవారు సన్నని గీతల పలకతో, కంటికి కనబడని పరారుణ కాంతిని మెలిపెట్టిరి. 2006లో ఇటలీలోని నేపుల్సువారు ద్రవస్ఫటికములతో అదే పని చేసిరి. 2011లో హార్వర్డువారు లోహపు సూక్ష్మరేఖలతో చదును పలకపై మెలికను సాధించిరి. స్తంభములను త్రిప్పుటచేతనే పనిచేయు పలకలలో ఒక నిర్బంధము గలదు: కుడిసుడికి ఏ మెలిక వచ్చునో ఎడమసుడికి దానికి సరిగా వ్యతిరేకమైనది వచ్చును. 2017లో హార్వర్డువారు స్తంభముల కోణముతో పాటు వాని కొలతలను కూడ మార్చి, ఒక్కొక్క ధ్రువణమునకు కోరిన మెలికను ఇచ్చు పలకను నిర్మించిరి.

ప్రయోజనమును, హద్దును

వేరు వేరు మెలికలు గల పుంజములు ఒకే దారిలో పోయినను ఒకదానితో నొకటి కలగలియవు. వానిని మరల విడదీయవచ్చును. కావున ఒక్కొక్క మెలికపై ఒక్కొక్క వార్తను పంపవచ్చును. అమెరికాలోని బోస్టనులో సిద్ధార్థ రామచంద్రన్ బృందమువారు 2013లో ప్రత్యేకముగా చేసిన 1.1 కిలోమీటరు గాజుతంతువులో మెలికలను ఉపయోగించి సెకనుకు 1.6 టెరాబిట్ల సమాచారమును పంపిరి. సూక్ష్మరేణువులను త్రిప్పుటకును, సూక్ష్మదర్శినులను మెరుగుపరచుటకును ఇట్టి కాంతి పనికివచ్చుచున్నది.

అయినను అతిశయోక్తి తగదు. 2020 ఆగస్టు 10న ప్రారంభమైన చెన్నపురి–అండమాను సముద్రాంతర తంతువు సుమారు 2,300 కిలోమీటర్లది. 1.1 కిలోమీటరునకును దానికిని గల అంతరము స్పష్టమే. సామాన్యమగు గాజుతంతువులో మెలికలు నిలువవు. బయటి గాలిలో వేడిమి కదలికలు వానిని చెరచును. మెలికలు పెరిగినకొలది పుంజము వెడల్పై పట్టుకొనుట కష్టమగును. స్తంభముల కొలతలు ఒక రంగు కాంతికి కుదిరినచో వేరొక రంగునకు సరిగా కుదురవు. పరిశోధకుల శ్రమ ఇప్పుడు ఈ హద్దులతోనే జరుగుచున్నది.

తల్లిదండ్రులకు రెండు మాటలు

ఈ పాఠములోని ముఖ్యాంశములను ఇంటిలోనే చూపవచ్చును. చేతి అద్దముతో గోడమీద ఎండమచ్చను ఆడించునప్పుడు, అద్దము కొంచెము త్రిప్పిన మచ్చ రెండింతలు తిరుగుటను గమనింపజేయుడు. సూర్యుని నేరుగా చూడనీయకుడు, మచ్చను ఎవరి కంటిలోను పడనీయకుడు. పోలరాయిడ్ చలువ కద్దాలను కంప్యూటరు తెర ముందుంచి మెల్లగా త్రిప్పినచో, తెర నల్లబడి మరల వెలుగుట చూడవచ్చును, అది ధ్రువణము. గ్లోబుపై బాణమును నడుపుట పైన చెప్పియుంటిమి. వీనికి ఖర్చు లేదు. ఒక సాయంకాలము చాలును.

ఈ నగరమున మన పిల్లలు వీధిలో తమిళము, పుస్తకములో ఇంగ్లీషు, ఇంట తెలుగు వినుచు పెరుగుచున్నారు. కూరగాయలకును పండుగలకును మాత్రమే తెలుగు, శాస్త్రమునకు వేరొక భాష అను భావము వారికి మనవలననే కలుగుచున్నది. మెలిక, సుడి, చుట్టు, అద్దము, బాణము అను ఇంటిమాటలతోనే ఈ విషయము చాలవరకు చెప్పవచ్చునని ఇప్పుడు చూచితిమి. సాంకేతిక పదములు తరువాత ఏ భాషలోనైనను నేర్చుకొందురు. భావము ముందు ఇంటిలో నాటుకొనవలెను.

భగవంతం గారు తెలుగువారని గర్వపడుట సహజమే. కాని పంచరత్నం వ్యాసము మన దేశపు పత్రికలోనే అచ్చై, మన గ్రంథాలయములలోనే ఉండి, ముప్పదియేండ్లు చదువువారు లేక పడియుండెనన్న సంగతిని కూడ బిడ్డలకు దాచక చెప్పవలెను. అతడు ఆ ప్రశ్న వేసికొన్ననాడు, “దీనివలన ఏమి లాభము?” అని అడిగినవారికి చెప్పదగిన సమాధానమేదియు లేదు. నేటి చదును పలకలలో అనేకము ఆ ప్రశ్ననుండి మొలిచినవే. దీపస్తంభపు వెలుగును చూచి బిడ్డ మరల ప్రశ్నించినప్పుడు, లాభమును గూర్చి అడుగుటకు ముందు, ఆ ప్రశ్నను పూర్తిగా విందుము గాక.